కట్టలు సున్నా నుంచి లెక్కపెడతామా?

వారం రోజులుగా మా ముగ్గురి మధ్యా ఒకటే గొడవ. ముగ్గురం ఇంజనీరింగులో క్లాస్‌మేట్లం. ముగ్గురికీ మూడు చోట్ల ఉద్యోగాలు, ముగ్గురికీ కలిపి ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాములో ఏ స్క్రిప్టింగ్ భాష పొదగాలి అన్నదే గొడవ. ఒకడు పైథాన్ అంటాడు. ఇంకొకడు జావాస్క్రిప్ట్ అంటాడు. నేను లువా అంటాను. "లువానా? ఎవడికొచ్చురా అది?" అని ఇద్దరూ కలిసి నవ్వుతారు. సరే, నవ్వండి. కానీ నేను చెప్పేది పూర్తిగా విని నవ్వండి.

ముందు ఆ ప్రోగ్రాము సంగతి. మాది ములకలపల్లి. ఒకప్పుడు ఖమ్మం జిల్లా, 2016 అక్టోబరు నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఎండాకాలం వచ్చిందంటే మా వైపు తునికాకు పని. తెల్లారకముందే అడవికెళ్ళి ఆకు కోసుకొస్తారు, ఇంటికొచ్చి 50 ఆకులకొక కట్ట కడతారు, సాయంత్రానికి కల్లంలో అప్పజెబుతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగ్. కల్లేదారు కార్డు మీద రాసే లెక్క ఒకటి, మనవాళ్ళు గుర్తుపెట్టుకునే లెక్క ఒకటి. ఆ రెండూ సరిపోతున్నాయో లేదో చూసుకోడానికి మేం రాసిందే ఈ ప్రోగ్రాము. సీ ప్లస్ ప్లస్ లో రాశాం. మా బాబాయి కొడుకు దగ్గరున్న పాత లాప్‌టాప్ మీద నడవాలి. నెట్ ఉన్నా లేకపోయినా నడవాలి.

లెక్క చూడ్డానికి తేలికే. కట్టలు ఇంటూ రేటు. కానీ రేటు ఏటేటా మారుతుంది. వందకి ఇన్ని కట్టలని కొసరు ఉంటుంది, అదీ మారుతుంది. ముందు తీసుకున్న అడ్వాన్సులు ఉంటాయి. ఒక్కో కల్లానిది ఒక్కో పద్ధతి. వీటినన్నిటినీ మేం సీ ప్లస్ ప్లస్ లో రాసేస్తే, మారిన ప్రతిసారీ హైదరాబాదులో నేను ఖాళీగా దొరకాలి. నేను దొరకను. ఆకు నా కోసం ఆగదు. అంచేత నిబంధనలు ప్రోగ్రాము బయట ఉండాలి, ఊళ్ళోవాళ్ళే మార్చుకోగలగాలి. గొడవంతా ఇక్కడే మొదలు.

మా ఇద్దరు మిత్రుల వాదనల్నీ పక్కన పెట్టి అసలు తప్పెక్కడుందో చెప్తాను. "మనకేది వచ్చు?" అన్న ప్రశ్న దగ్గరుంది తప్పు. స్క్రిప్టులు రాసేది మనం కాదు కదా! మనకి సీ ప్లస్ ప్లస్ ఉంది, సోర్సంతా చేతిలో ఉంది, స్క్రిప్టుతో మనకేం పని? పొదిగే భాష అవతలివాడి కోసం. వాడికి ఏది అందుతుంది, వాడు తప్పు చేస్తే ఏమవుతుంది, వేరేవాడు పంపిన స్క్రిప్టు వాడి కంప్యూటర్లో నడిస్తే ఏమవుతుంది.. అడగాల్సినవి ఇవి. మనం మాత్రం పెళ్ళికొడుకుని అడక్కుండా పెళ్ళిపందిట్లో మనకి నచ్చిన కూరలు వండించుకునే రకం.

"అసలు భాషే ఎందుకు? సెట్టింగ్స్ చాలు కదా!"

ఇది అందరికంటే తెలివైనవాళ్ళమనుకునే వాళ్ళ మాట. ఒక కాన్ఫిగరేషన్ ఫైలు పెట్టి, అందులో రేటు, కొసరు రాసుకోమంటే సరిపోతుందట. మొదటి ఏడాది సరిపోతుంది. రెండో ఏడాది "ఫలానా తేదీ తర్వాత రేటు వేరు" అంటారు, ఒక 'అయితే' కలుపుతావు. మూడో ఏడాది "ఇన్ని కట్టలు దాటినవాళ్ళకి వేరు" అంటారు, పోలికలు కలుపుతావు. నాలుగో ఏడాదికి నీ కాన్ఫిగరేషన్ ఫైలు ఒక ప్రోగ్రామింగ్ భాష అయి కూచుంటుంది. ఎవరూ డిజైన్ చెయ్యని, ఎవరూ డీబగ్ చెయ్యలేని, ప్రపంచంలో నీకొక్కడికే వచ్చిన భాష.

ఇది ఊహ కాదు, మనందరం రోజూ చూసే చోటే జరిగింది. తెలుగు వికీపీడియాలో మా మండలం పేజీ తెరవండి. కుడిపక్క సమాచారపెట్టె ఉంటుంది. ఇలాంటి పెట్టెల వెనకాల మూసలుంటాయి. మూస అంటే మొదట్లో ఉత్త అచ్చు, ఖాళీలు పూరించడం, అంతే. జనానికి అది చాలలేదు. 'ఈ గడి ఖాళీగా ఉంటే చూపించకు' అనాలంటే ఎలా? ఏవేవో దొంగదారులు కనిపెట్టి మూసల్లోనే షరతులు రాయడం మొదలెట్టారు. ఆ బాధ చూడలేక 2006లో టిమ్ స్టార్లింగ్ పార్సర్ ఫంక్షన్లు తెచ్చాడు. 'ఇఫ్' వచ్చింది, 'స్విచ్' వచ్చింది. పనైపోయిందా? లేదు! ఇక జనం దాంతో ప్రోగ్రాములు రాయడం మొదలెట్టారు.

అందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఒకటి చెప్తాను. ఒక పదంలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే ఫంక్షను వికీపీడియాలో లేదు. అంకెల ముందు సున్నాలు పేర్చడానికి 'పాడ్‌లెఫ్ట్' అని ఒకటుంది. దాన్ని తిరగేసి, సున్నాల బదులు ఒక పదాన్నే పేర్చమని అడిగితే ఆ పదంలో మొదటి ఇన్ని అక్షరాలు వస్తాయని ఎవరో కనిపెట్టారు. దాని మీద మొదటి అక్షరం, రెండో అక్షరం అంటూ పోల్చుకుంటూ పొడవు లెక్కపెట్టే మూస కట్టారు. చెంచాతో బావి తవ్వినట్టు! ఇలాంటివి ఒక్కో పేజీలో వందలసార్లు నడిస్తే పెద్ద పేజీలు తెరుచుకోడానికి సర్వర్లు రొప్పేవి. జీతం లేకుండా రాసిన ఆ వలంటీర్లని తప్పుపట్టను, వాళ్ళ తెలివికి దండం పెడతాను. తప్పల్లా వాళ్ళకొక సరైన భాష ఇవ్వనిది.

చివరికి 2013లో వికీమీడియా ఆ సరైన భాషని ఇచ్చింది. ఆ ఏడాది మార్చికల్లా తెలుగుతో సహా అన్ని వికీపీడియాల్లోకీ లువా వచ్చింది. ఇప్పుడు మూసల వెనకాల 'మాడ్యూల్' అన్న పేరుబరిలో ఉన్నవి లువా ప్రోగ్రాములే. జావాస్క్రిప్ట్ సంగతి అక్కడా చర్చకొచ్చింది, అయినా లువానే తీసుకున్నారు. ఎందుకంటే రాసేవాడు ఎవడో తెలియదు, నడిచేది మాత్రం తమ సర్వర్ల మీద. ఒక పేజీలో లువా మొత్తం 10 సెకన్ల కంటే ఎక్కువ నడవకూడదు, మెమరీకి ఒక హద్దు, ఫైళ్ళ జోలికి పోకూడదు. ఈ హద్దులన్నీ పెట్టడానికి వీలుగా ఉన్న భాష కావాలి.

మా ఊరు కదలకుండానే జిల్లా మారింది. 2014లో రాష్ట్రం పేరు మారింది. 2016లో తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33. అటు ఆంధ్రలో 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. వేలాది ఊళ్ళ పేజీలు తిరగరాసిన వలంటీర్లని అడగండి, నియమం ఒకచోట, సమాచారం ఒకచోట ఉండటం ఎంత అవసరమో చెప్తారు. మారదు అనుకున్నదే ముందు మారుతుంది. సెట్టింగ్స్ చాలు అన్నవాడు ఎప్పుడూ ఊళ్ళో లెక్క చూసినవాడు కాదు.

పైథాన్ భక్తులకి

పైథాన్ మంచి భాష. నేను ఆఫీసులో తినే అన్నం పైథాన్ పెట్టిందే. బ్లెండర్ లో పైథాన్ ఉంది, క్యూజీఐఎస్ లో ఉంది. గ్నూ వాళ్ళ సొంత డీబగ్గర్ జీడీబీలోకి వాళ్ళ సొంత గైల్ కంటే ముందు, 2009లోనే పైథాన్ వచ్చింది. అక్కడంతా అది సరైనదే. ఎందుకంటే స్క్రిప్టు రాసేవాడూ నడిపేవాడూ చాలావరకు ఒకడే, పైగా వాడికి పైథాన్ లైబ్రరీలన్నీ కావాలి.

మాకు కావల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మా వాళ్ళు నిబంధనల ఫైలు వాట్సాప్ లో పంపించుకుంటారు. పక్క ఊరి కుర్రాడు పంపింది మా తమ్ముడు తెరుస్తాడు. అందులో ఏముందో వాడు చదవడు. ఆ ఫైలు పైథాన్ అయితే ఆ లాప్‌టాప్ లో ఉన్న ఫొటోల దగ్గర్నుంచి బ్యాంకు కాగితాల దాకా అన్నీ చదవగలదు, చెరపగలదు. "సాండ్‌బాక్స్ పెడదాం" అంటారా? పైథాన్ వాళ్ళే పెట్టి చూశారు. 'ఆర్ఎగ్జెక్' అనే మాడ్యూల్ ని భద్రత లేదని 2003లో పైథాన్ 2.3లోనే ఆపేశారు. తర్వాత విక్టర్ స్టిన్నర్ 'పైసాండ్‌బాక్స్' అని ఎన్నో ఏళ్ళు కష్టపడి, 2013లో ఇది పనికిరాదని తనే చెప్పేశాడు. భాష లోపలే తాళం వేస్తే వెయ్యి కిటికీలు తెరిచి ఉంటాయి. బ్లెండర్ కూడా ఎవరో ఇచ్చిన ఫైల్లోని స్క్రిప్టుల్ని తనంతట తాను నడపదు, మన అనుమతి అడుగుతుంది. మా తమ్ముడు అనుమతి బటన్ చదివి నొక్కుతాడనుకుంటున్నారా? :)

జావాస్క్రిప్ట్ భక్తులకి

వీళ్ళ వాదనలో బలముంది, ఒప్పుకుంటాను. బ్రౌజర్లో దశాబ్దాలుగా ముక్కూమొహం తెలియని వాళ్ళ కోడ్ ని కట్టడి చేసి నడుపుతున్నది జావాస్క్రిప్టే. వీ8ని మా బుల్లి ప్రోగ్రాములో పెట్టడం ఎడ్లబండికి రైలింజను కట్టడమే గానీ, 2019లో ఫాబ్రిస్ బెలార్ వాళ్ళు తెచ్చిన క్విక్‌జేఎస్ నిజంగా చిన్నది, నిజంగా మంచిది. బరువు అన్న సాకు చెప్పను.

నా అభ్యంతరం లెక్క దగ్గర. పొద్దున 120 కట్టలు, సాయంత్రం 30. పొద్దుటి 120 ఏదో పెట్టెలోంచి అంకె కాకుండా అక్షరాలుగా వచ్చిందనుకోండి. జావాస్క్రిప్ట్ లో రెండూ కలిపితే 12030. అదే లువాలో 150, ఎందుకంటే అక్కడ అంకెలు కూడటానికి ఒక గుర్తు, పదాలు అతికించడానికి ఇంకో గుర్తు. లేని గడితో లెక్క చేస్తే జావాస్క్రిప్ట్ 'ఇది అంకె కాదు' అన్న విలువని నోరెత్తకుండా చివరి మొత్తం దాకా మోసుకుపోతుంది. లువా అక్కడికక్కడే ఆగిపోయి గోల చేస్తుంది. ఇవి మీకూ నాకూ చిన్న విషయాలు, లింటర్లు ఉన్నాయి, టెస్టులు ఉన్నాయి. కల్లం దగ్గర లింటర్ ఉండదు.

"మనమే ఒక భాష కనిపెడదాం, తెలుగులో!"

ఈ మాట వినగానే నాకూ ఒళ్ళు పులకరించింది. తర్వాత చెమట పట్టింది. భాష రాయడం ఒక నెల పని. దాన్ని మోయడం జీవితాంతం పని. విమ్ ఎడిటర్ చూడండి. సొంత భాష పెట్టుకుంది, అది దశాబ్దాలు పెరిగి ఎవరికీ నచ్చని మర్రిచెట్టయింది. 2014లో విడిపోయిన నియోవిమ్ లువా పట్టుకుంది. అసలు విమ్ 2022లో విమ్9 స్క్రిప్ట్ అని దాదాపు కొత్త భాషే రాసుకోవాల్సొచ్చింది. అంత వాడకం ఉన్న విమ్ కే అంత తిప్పలైతే ముగ్గురున్న మనమెంత? తెలుగులో 'అయితే', 'లేకపోతే' అని రాసినంత మాత్రాన షరతు అర్థమైపోదు. అవి పది మాటలు, నేర్చుకుంటారు. తెలుగులో కావల్సింది తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం. దానికి కొత్త భాష అక్కర్లేదు, కాస్త ఓపిక చాలు.

మరి లువా ఎందుకు?

ఎందుకంటే అది పుట్టిందే ఇందుకు. 1977 నుంచి 1992 దాకా బ్రెజిల్ లో బయటి దేశాల కంప్యూటర్ సరుకు మీద గట్టి ఆంక్షలుండేవి. కావల్సింది కొనుక్కునే వీల్లేక సొంతంగా చేసుకునే అలవాటు పడింది. రియో కేథలిక్ విశ్వవిద్యాలయం వాళ్ళు అక్కడి చమురు సంస్థ పెట్రోబ్రాస్ కోసం రెండు చిన్న భాషలు రాశారు. అందులో ఒకటి దేనికో తెలుసా? ఫారాల్లో వివరాలు ఎక్కించడానికి! ఆ రెండిటినీ కలిపి 1993లో రాబర్టో యెరుసలిమ్‌స్కీ, వాల్డెమర్ సెలెస్, లూయిజ్ హెన్రిక్ డి ఫిగరెడో లువా చేశారు. వాడేవాళ్ళలో చాలామంది ప్రోగ్రామర్లు కాదు కాబట్టి గజిబిజి గుర్తులు వద్దనుకున్నారు. చమురు బావుల దగ్గర ఫారాలకీ తునికాకు కల్లం దగ్గర ఫారాలకీ నాకైతే పెద్ద తేడా కనపడలేదు.

ఇంటర్‌ప్రెటర్ మొత్తం కలిపి 300 కిలోబైట్ల లోపు. సోర్సు దాదాపు 30 వేల పంక్తుల సీ, కూచుని చదవచ్చు. ఎంఐటీ లైసెన్సు, కాబట్టి మనది ఏ లైసెన్సయినా ఇబ్బంది లేదు. అన్నిటికంటే ముఖ్యం, అందులో ఏముండాలో నిర్ణయించేది పొదిగినవాడు. ఫైళ్ళు తెరిచే లైబ్రరీ ఇవ్వకపోతే అది అసలు లేనే లేదు, తలుపుకి తాళం కాదు, గోడే. మెమరీ ఇచ్చే ఫంక్షన్ని మనమే ఇస్తాం, కాబట్టి ఎంత తిందో మన చేతిలోనే ఉంటుంది. 'ఇన్ని సూచనలకొకసారి నన్ను పిలువు' అని హుక్ పెడితే అంతులేని లూప్ ని ఆపచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం మర్చిపోకండి. ముందే కంపైల్ చేసిన బైట్‌కోడ్ ని ఎక్కించనివ్వద్దు, సోర్సు పాఠం మాత్రమే ఎక్కించమని లోడ్ ఫంక్షనుకి చెప్పాలి. ఒకే లైబ్రరీ ఫంక్షను లోపల చాలాసేపు నడిస్తే ఆ హుక్ అందుకోలేదు, కాబట్టి పదాల లైబ్రరీలో ఏమేం ఇస్తున్నామో చూసుకోవాలి.

ఇక మా మిత్రులు పగలబడి నవ్వే విషయం. లువాలో జాబితా 1 నుంచి మొదలవుతుంది. "ఛీ, ఇదేం భాషరా" అంటారు. అయ్యా, కట్టలు సున్నా నుంచి లెక్కపెట్టే మనిషిని మీరెక్కడైనా చూశారా? సున్నా మన అలవాటు. మన అలవాటుని ఊరిమీద రుద్దుతూ ఊరికి లాజిక్ రాదనడం ఏం న్యాయం?

లువా మచ్చలు కూడా చెప్పాలిగా

తెలుగు దగ్గర లువా గుడ్డిది. 'ములకలపల్లి' పొడవెంత అని అడిగితే 30 అంటుంది. దానికి కనిపించేవి బైట్లు, యూటీఎఫ్-8లో తెలుగు కోడ్ పాయింటు ఒక్కోటీ మూడు బైట్లు. పైథాన్, జావాస్క్రిప్ట్ 10 అంటాయి. నవ్వకండి, అవి కూడా తప్పే! ము-ల-క-ల-ప-ల్లి, ఆరక్షరాలు. చిన్నపిల్లాడు కూడా చెప్తాడు. వికీమీడియా వాళ్ళు లువాకి యూనికోడ్ లైబ్రరీ విడిగా కట్టిచ్చారు, మేమూ అక్షరాలు లెక్కపెట్టే ఫంక్షనొకటి సీ ప్లస్ ప్లస్ వైపు రాసి ఇచ్చాం. ఇంకో మచ్చ, వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోలేం. పైథాన్ 3లో పెట్టుకోవచ్చు. ఇది నాకు నిజంగా బాధే. టేబుల్ గడుల పేర్లు తెలుగులో పెట్టి సర్దుకుంటున్నాం.

మూడో మచ్చ మా మీదే పడింది. లువాలో ఏ కొత్త పేరుకైనా విలువ ఇచ్చేస్తే కిక్కురుమనకుండా తీసుకుంటుంది. పోయిన వేసవిలో వానకి ఆకు మచ్చపడిందని, వందకి రెండు కట్టల కొసరు ఉన్నచోట నాలుగుకి ఒప్పుకున్నారు. మా తమ్ముడు ఇంగ్లీషు అక్షరాల్లో 'కొసరు' అని రాస్తూ ఒక అక్షరం మింగేశాడు. లువా దాన్ని కొత్త పేరనుకుని దాచుకుంది. లెక్క పాత రెండుతోనే నడిచింది. వందకి 96 కట్టల డబ్బులు రావల్సిన చోట 98కి రావాలని మా తెర చూపించింది. అది నమ్మి మావాళ్ళు పదిమంది కల్లం మీదకి పోట్లాటకెళ్ళారు. కల్లేదారు కాగితం తీసి లెక్క వేసి చూపించాడు. అందరి ముందూ తలలు దించుకుని వచ్చారు. ఆ రాత్రి తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నా వల్లే కదా" అన్నాడు. పక్కనుంచి మా పెద్దమ్మ గొంతు వినపడింది, "మీ కంప్యూటర్ కంటే నా గోడ మీద బొగ్గు గీతలే నయం రా!"

వాడి వల్ల కాదు. నా వల్ల. తెలియని పేరుకి విలువ ఇవ్వబోతే ఆపమని లువాకి మెటాటేబుల్ తో చెప్పచ్చు. పదిపన్నెండు పంక్తుల పని. నాకు తెలుసు. బద్ధకించాను, ఎందుకంటే నేనెప్పుడూ స్పెల్లింగ్ తప్పు రాయననుకుంటాను కాబట్టి. మళ్ళీ అదే రోగం, నా కోసం నేను రాసుకోవడం. ఇప్పుడు ఒక్క అక్షరం తప్పినా "ఇలాంటి పేరు లేదు, కొసరు అనబోయావా?" అని తెలుగులో అడుగుతుంది.

"చూశావా, లువా దెబ్బకొట్టింది!" అంటున్నారు మావాళ్ళు. దెబ్బ తగిలింది నిజమే. పైథాన్ అయినా అదే స్పెల్లింగ్ తప్పుని అంతే నిశ్శబ్దంగా మింగేదని మాత్రం వాళ్ళు చెప్పరు. తేడా ఎక్కడంటే ఆ కన్నాన్ని లువాలో నేను పదిపన్నెండు పంక్తుల్లో పూడ్చగలిగాను. పొదిగే భాషలో నాకు కావల్సింది ఆ వీలే. నేను అవతలివాడి బదులు ఆలోచించి, వాడికి తగ్గట్టు భాషని మలుచుకునే వీలు.

వికీపీడియాలో లువాని పొదిగిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు స్క్రిబుంటో. లాటిన్ మాట. అర్థం ఏమిటంటే, "వాళ్ళు రాయాలి" అని. మనం కాదు, వాళ్ళు. పేరులోనే అంతా ఉంది.

కాబట్టి మిత్రులారా, మీ ప్రోగ్రాములో భాష పొదిగే ముందు గూగుల్ లో ఏది ఎంత పాపులర్ అని వెతక్కండి. స్క్రిప్టు రాయబోయే మనిషి పక్కన ఒక పూట కూచోండి. వాడు తప్పు చేస్తుంటే మాట్లాడకుండా చూడండి. ఆ పూట గడిచాక కూడా పైథానే అనిపిస్తే పైథానే పెట్టండి, నేనేమీ అనుకోను.

మా ఇద్దరు మిత్రులకీ ఇదే చెప్పాను. వచ్చే ఏప్రిల్లో ఆకు మొదలవుతుంది. ఇద్దరికీ బస్ టికెట్లు నేనే తీస్తాను. వచ్చి, మా పెద్దమ్మ ముందు కూచుని, కట్టలు సున్నా నుంచి లెక్కపెట్టి చూపించమనండి.